సీఆర్‌పీ నార్మల్, వాపులు లేవు, అయినా ఈ నిస్సత్తువ ఎందుకు?

గుణదల_టీచర్ | సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. విజయవాడలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నాలుగేళ్ళ క్రితం రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్ఏ, అంటే కీళ్ళవాతం) అని తేలింది. ఈ జబ్బుకి చేసే రక్తపరీక్షలు ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, రోజూ హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్), దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాను. మొదట్లో పొద్దున్నే జడ వేసుకుందామంటే వేళ్ళు వంగేవి కావు. ఇప్పుడా బాధ లేదు, వాపులు పోయాయి. మొన్నటి రిపోర్టులో, ఒంట్లో వాపు ఎంతుందో చూసే రక్తపరీక్షలు సీఆర్‌పీ 3, ఈఎస్‌ఆర్ 24. డాక్టరుగారు చూసి "చాలా బాగుందమ్మా, ఇవే వాడండి" అని పంపించేశారు.

ఒంట్లో ఓపిక మాత్రం తిరిగి రాలేదు. రాత్రంతా పడుకుని లేచినా పడుకోనట్టే ఉంటుంది. రెండో పీరియడ్ అయ్యేసరికి బోర్డు దగ్గర నిలబడలేక కుర్చీ లాక్కుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి కూలబడ్డానంటే మంచినీళ్ళ కోసం లేవడం కూడా పెద్ద పనే. ఇంట్లో వాళ్ళు మంచివాళ్ళే, కానీ "రిపోర్టులన్నీ నార్మలే కదా, ఇంకేంటి?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మందులు పనిచేస్తుంటే ఇది కూడా తగ్గాలి కదా? మీలో ఎవరికైనా ఇలా ఉందా?

ఓరుగల్లు_అక్క | సోమవారం, రాత్రి 10:20

చెల్లీ, ఉంది. నాకు ఆర్ఏ వచ్చి పన్నెండేళ్ళు దాటింది, బ్యాంకులో పనిచేస్తాను. నొప్పి ఉన్న రోజుల్లో అందరూ జాలి పడతారు, ఎందుకంటే చెయ్యి వాచి కనబడుతుంది. ఈ నిస్సత్తువ ఎవరికీ కనబడదు. కౌంటర్ దగ్గర నవ్వుతూ కూర్చుంటాను కాబట్టి బాగున్నానే అనుకుంటారు. మా ఇంట్లో పెళ్ళిళ్ళకి, పేరంటాలకి వెళ్ళాలంటే ముందు రోజు, తర్వాతి రోజు ఏ పనీ పెట్టుకోను. అలా అయితేనే ఆ ఒక్క రోజు మనిషిలా తిరగగలను. నువ్వు రాసిన ప్రతి ముక్కా నాకు తెలుసు. ముందు ఒక్కటి నమ్ము, ఇది బద్ధకం కానే కాదు.

కాకినాడ_డాక్టర్ | మంగళవారం, ఉదయం 7:15

టీచర్ గారూ, నేను జనరల్ మెడిసిన్ చూస్తాను. మా ఓపీకి ఆర్ఏ పేషెంట్లు చాలామంది వస్తారు. మీ ప్రశ్నకి కాస్త వివరంగా రాస్తాను.

మనకి జ్వరం వచ్చినప్పుడు తిండి సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది. మన రోగనిరోధక కణాలు విడుదల చేసే టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే పదార్థాలు (వీటిని సైటోకైన్లు అంటారు) మెదడు మీద పనిచేయడం వల్లే ఇలా అవుతుంది. ఒళ్ళు కోలుకునేదాకా మనిషిని కదలనివ్వకుండా ఉంచే ఏర్పాటు అది. జ్వరమైతే నాలుగు రోజుల్లో పోతుంది. ఆర్ఏలో మాత్రం అవే పదార్థాలు కీళ్ళ లోపలి పొరలో నెలల తరబడి, ఏళ్ళ తరబడి తయారవుతూ ఉంటాయి. అందుకే కీళ్ళకి మొదలైన జబ్బు మనిషినంతా పట్టి కుంగదీస్తుంది.

ఇక రిపోర్టుల సంగతి. సీఆర్‌పీని తయారు చేసేది లివర్. ఐఎల్-6 రక్తంలో పెరిగితే లివర్ సీఆర్‌పీని ఎక్కువగా వదులుతుంది. అంటే అది ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) ఎంతుందో ఒక అంచనా ఇస్తుంది, అంతవరకే. మీ ఓపికను కొలిచే పరీక్ష కాదది. జబ్బు ఎంత చురుగ్గా ఉందో మేం లెక్కగట్టే డీఏఎస్-28 స్కోరులో కూడా 28 కీళ్ళ నొప్పి, వాపు, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ, మొత్తం మీద మీకెలా ఉందన్న ఒక ప్రశ్న ఉంటాయి. అలసట గురించి విడిగా ప్రశ్న లేదు. ఆ 28లో పాదాల కీళ్ళు కూడా లేవు! ఆర్ఏ పరిశోధనల్లో ఏమేం కొలవాలో చర్చించి నిర్ణయించే ఒమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం 2007లో అలసటను కూడా తప్పకుండా కొలవాలని చెప్పింది. పేషెంట్లను కూర్చోబెట్టి అడిగితే వాళ్ళు ముందు చెప్పిన వాటిలో ఇదొకటి. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళు చెబుతున్నది అప్పటికి లెక్కలోకి వచ్చింది.

మందులతో ఇన్‌ఫ్లమేషన్ తగ్గితే చాలామందికి అలసట కొంత తగ్గుతుంది. జబ్బు పూర్తిగా అదుపులో ఉన్నవాళ్ళలో కూడా కొందరికి మిగిలిపోతుంది. వాపుకీ అలసటకీ సంబంధం ఉంది కానీ ఒకటి తగ్గినంత మేరా రెండోది తగ్గదు.

మీ హిమోగ్లోబిన్ ఎంత? ఆ సంగతి రాయలేదు.

పెన్నేటి_కొడుకు | మంగళవారం, ఉదయం 11:05

డాక్టర్ గారూ, మాది అనంతపురం దగ్గర పల్లె. మా అమ్మ గురించి అడుగుతున్నాను. 2006లో మా వైపు ఊళ్ళకి ఊళ్ళే చికున్‌గున్యాతో మంచాన పడ్డాయి. అప్పుడు అమ్మకి కూడా వచ్చింది. ఆ నొప్పులు పోయి మళ్ళీ కొన్నేళ్ళకి కీళ్ళు వాచడం మొదలైంది, అదే తిరగబెట్టిందనుకున్నారు అందరూ. ఊళ్ళో సూది వేసే ఆయన దగ్గర చాలాకాలం సూదులు, చిన్న తెల్లమాత్రలు వాడింది. వేసుకుంటే చేనికి కూడా పోయేది. ఈమధ్య ముఖం ఉబ్బిందని, షుగర్ వచ్చిందని భయపడి మాత్రలు ఒక్కసారిగా ఆపేసింది. ఇప్పుడు లేచి నిలబడలేకపోతోంది, కళ్ళు తిరుగుతున్నాయి, అన్నం వాంతి అవుతోంది. ఇది కూడా మీరు చెప్పిన అలసటేనా?

కాకినాడ_డాక్టర్ | మంగళవారం, ఉదయం 11:20

బాబూ, ఇది వేరు. ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, రేపటిదాకా ఆగొద్దు. మీరు చెప్పేదాన్ని బట్టి అవి స్టెరాయిడ్లు అయ్యుండొచ్చు. బయటి నుంచి స్టెరాయిడ్ చాలాకాలం అందితే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి అవసరమైన కార్టిసాల్ అనే సహజ స్టెరాయిడ్ తయారీని తగ్గించేస్తాయి. ఒక్కసారిగా మాత్ర ఆపితే ఒంట్లో సరిపడా కార్టిసాల్ ఉండదు. బీపీ పడిపోతుంది, వాంతులవుతాయి, ప్రాణం మీదికి రావచ్చు. అక్కడి డాక్టర్‌తో మొదటి మాటగా "స్టెరాయిడ్ వాడి హఠాత్తుగా ఆపింది" అని చెప్పండి.

ఇది చదివే అందరికీ చెబుతున్నాను. స్టెరాయిడ్ వల్ల నష్టాలున్నాయి, నిజమే. కానీ డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం మొదటిసారి ఆర్ఏ పేషెంటుకి కార్టిసోన్ ఇచ్చినప్పుడు మంచం దిగలేని మనిషి కొద్ది రోజుల్లో లేచి నడిచింది. 1950లో ఆ పనికి నోబెల్ కూడా వచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే దుష్ఫలితాలు బయటపడ్డాయి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మన ఊళ్ళలో అదే మందు పేరు చెప్పకుండా పొట్లాలు కట్టి ఇస్తుంటే చాలా బాధగా ఉంటుంది.

పచ్చని_పందిరి | మంగళవారం, మధ్యాహ్నం 2:40

టీచర్ గారూ, ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, ఆ నీరసం వాటిదే. వంకాయ, బంగాళాదుంప, పప్పులు, పెరుగు, చింతపండు ఇవన్నీ వాతం చేస్తాయి, మానేయండి. మా బంధువు ఒకాయన దగ్గర చూర్ణం ఉంది. రెండు రోజుల్లో గుణం కనబడుతుంది. కావాలంటే పంపిస్తాను.

ఓరుగల్లు_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 3:30

పందిరి గారూ, మీరు మంచికే చెబుతున్నారని తెలుసు. కానీ ఆ పత్యం నేను చేసి చూశాను. పప్పు, పెరుగు మానేస్తే శాకాహారం తినే ఇంట్లో మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? ఒళ్ళు ఇంకా నీరసించిపోయింది తప్ప వాపు తగ్గలేదు. ఎవరికైనా ఏదైనా కూర పడకపోతే అది మానుకోవచ్చు, తప్పులేదు. అందరూ అన్నీ మానాలంటే ఎలా?

కాకినాడ_డాక్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 4:00

అక్కగారి మాటే నాదీ. చూర్ణం గురించి ఒక్కమాట. కీళ్ళవాతానికి అసలు మందులే పూర్తిగా పనిచేయడానికి వారాలు, నెలలు పడుతుంది. రెండు రోజుల్లో గుణం చూపించే పేరులేని పొడి అంటే అందులో స్టెరాయిడో నొప్పి మాత్రో కలిపారేమోనని అనుమానించాలి.

గుణదల_టీచర్ | మంగళవారం, రాత్రి 9:10

ఇన్ని జవాబులు చూసి కళ్ళు చెమర్చాయి. పెన్నేటి తమ్ముడూ, అమ్మగారికి ఎలా ఉంది? నా హిమోగ్లోబిన్ పాత రిపోర్టులో 9.6 ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, ఆడవాళ్ళకి మామూలేనేమో అనుకున్నాను.

పెన్నేటి_కొడుకు | మంగళవారం, రాత్రి 10:45

అక్కా, ఆసుపత్రిలో చేర్చాం. బీపీ బాగా తక్కువగా ఉందని సెలైన్, స్టెరాయిడ్ సూది ఎక్కిస్తున్నారు. ఇప్పుడు మాట్లాడుతోంది.

కాకినాడ_డాక్టర్ | బుధవారం, ఉదయం 6:50

మంచి వార్త బాబూ. పూర్తిగా కుదుటపడేదాకా ఇంటికి తొందరపడొద్దు.

టీచర్ గారూ, 9.6 మామూలు కాదు. ఆడవాళ్ళకి 12 ఉండాలి. మన ఇళ్ళలో ఆడవాళ్ళ రక్తహీనతని మామూలుగా తీసుకోవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, డాక్టర్లం మేం కూడా దానికి అతీతులం కాదు. ఆర్ఏలో రక్తం తగ్గడానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. ఐఎల్-6 పెరిగితే లివర్‌లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది పేగుల నుంచి ఇనుము లోపలికి రాకుండా, ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము బయటికి రాకుండా ఆపేస్తుంది. ఇనుము ఉన్నా వాడుకోవడానికి దొరకదు. దీనికి తోడు నొప్పి మాత్రల వల్ల కడుపులో కొద్దికొద్దిగా రక్తం పోతుండవచ్చు, నెలసరి ఎక్కువగా అవుతుండవచ్చు. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష ఒక్కటే చేయించి నార్మల్ అనుకోకూడదు, ఎందుకంటే ఇన్‌ఫ్లమేషన్‌లో ఫెరిటిన్ తనంతట తనే పెరుగుతుంది. రక్తంలో వాడుకోవడానికి ఇనుము ఎంత దొరుకుతోందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూడాలి.

థైరాయిడ్ చూపించుకోండి. ఆర్ఏ ఉన్నవాళ్ళలో థైరాయిడ్ సమస్య కలిసి రావడం తరచుగా చూస్తాం. బీ12, డీ విటమిన్, లివర్, కిడ్నీ పరీక్షలు కూడా. మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు ఉంటే ఊపిరితిత్తులు చూడాలి, ఆ మాట మాత్రం దాచొద్దు. నిద్ర ఎలా ఉంది, గురక ఉందా, దిగులుగా ఉంటోందా, ఇవి కూడా అడగాల్సినవే.

మెట్రో_కింద_మనిషి | బుధవారం, ఉదయం 9:30

దిగులు దగ్గరికే వస్తారని తెలుసు. హైదరాబాద్‌లో నేను చూపించుకున్న ఒక చోట రిపోర్టులు నార్మల్ రాగానే డిప్రెషన్ మాత్ర రాశారు. మగవాణ్ణి, నలభై రెండేళ్ళు, ఆర్ఏ ఆడవాళ్ళ జబ్బు కదా అని కూడా అన్నారు. అలసట అనగానే మనసుకి అంటగట్టేస్తే మేం ఇంకెవరికి చెప్పుకోవాలి?

కాకినాడ_డాక్టర్ | బుధవారం, ఉదయం 10:10

మీ కోపం న్యాయమైనదే. ఆర్ఏ ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, అంతే, మగవాళ్ళకి రాదని కాదు. పరీక్షలేవీ చేయకుండా డిప్రెషన్ అనేయడం తప్పు. అలాగని మనసు సంగతి అసలు అడగకపోవడం కూడా తప్పే. ఏళ్ళ తరబడి నొప్పి భరించిన మనిషి కుంగిపోతే అందులో వింత లేదు, పైగా ఆ సైటోకైన్లు మూడ్ మీద కూడా పనిచేస్తాయి. దిగులు ఉందని తేలితే దానికి వైద్యం చేస్తే అలసట కూడా కొంత తగ్గుతుంది. దాంతో మీ కీళ్ళజబ్బు అబద్ధమైపోదు.

మెట్రో_కింద_మనిషి | బుధవారం, ఉదయం 10:40

ఇలా చెబితే అర్థమవుతుంది డాక్టర్ గారూ. నా సంగతి పూర్తిగా చెబుతాను. తర్వాత నిమ్స్‌లో రుమటాలజీకి (కీళ్ళవాతం లాంటి జబ్బులు చూసే విభాగానికి) వెళ్ళాను. అక్కడ పాదాల కీళ్ళు నొక్కి చూసి, స్కానింగ్ చేసి, జబ్బు ఇంకా లోపల నడుస్తోందన్నారు. టీబీ పరీక్షలు చేశాక టోఫాసిటినిబ్ అనే మాత్ర మొదలుపెట్టారు. నొప్పి పోవడం అటుంచి, మధ్యాహ్నం ఆఫీసులో తల వాలిపోవడం తగ్గింది. నా విషయంలో అది అదుపులో లేని జబ్బే. అందుకే మందు మార్చే సంగతి అడగమంటాను.

ఓరుగల్లు_అక్క | బుధవారం, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, నీకు పనిచేసినందుకు సంతోషం. నాకు అడాలిముమాబ్ సూదులు ఇచ్చారు. వేళ్ళకి అద్భుతంగా పనిచేసింది, ఓపికలో మాత్రం పెద్ద తేడా కనబడలేదు. బయోసిమిలర్లు (వేరే కంపెనీలు చేసే అలాంటి మందులే) వచ్చాక ధర తగ్గినా మా ఇంటికది పెద్ద ఖర్చే. అలసట ఒక్కదాని కోసం ఖరీదైన మందుకి మారమని ఎవరికీ చెప్పలేను.

కాకినాడ_డాక్టర్ | బుధవారం, మధ్యాహ్నం 2:00

పరిశోధనలు కూడా మీ ఇద్దరి మధ్యలోనే ఉన్నాయి. అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ మందుల మీద వచ్చిన ట్రయల్స్‌ని కలిపి 2016లో కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష చేసింది. సగటున అలసట తగ్గింది కానీ ఆ తగ్గుదల కొద్దిగానో ఓ మోస్తరుగానో మాత్రమే ఉంది. జబ్బు చురుగ్గా ఉంటే మందు మార్చడం అవసరం. జబ్బు నిజంగా అణిగి ఉంటే వేరే దారులు చూడాలి. ఈ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, మన దేశంలో టీబీ ఎక్కువ, కాబట్టి ఆ పరీక్ష లేకుండా ఈ మందులు మొదలుపెట్టరు.

విశాఖ_ఫిజియో | బుధవారం, సాయంత్రం 6:30

ఆ వేరే దారి గురించి నేను చెబుతాను. నేను ఫిజియోథెరపిస్టుని. నా మాట చాలామందికి నచ్చదు. అలసట ఉన్నవాళ్ళు కదలాలి. విశ్రాంతి తీసుకునేకొద్దీ కండ కరుగుతుంది, కండ కరిగితే అదే మెట్టు ఎక్కడానికి ఎక్కువ శ్రమ పడుతుంది, మళ్ళీ అలసట. ఆర్ఏలో ఇన్‌ఫ్లమేషన్ కూడా కండని తినేస్తుంది కాబట్టి మీకు ఇంకా త్వరగా జరుగుతుంది. ఆర్ఏ అలసటకి మందులు కాని వైద్యాల మీద 2013లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో వ్యాయామానికి, మానసిక నైపుణ్యాల శిక్షణకి కొంత ఫలితం కనబడింది. స్కాట్లండ్‌లో అబర్డీన్ యూనివర్సిటీ వాళ్ళు నడిపిన లిఫ్ట్ ట్రయల్ 2022లో వచ్చింది. అందులో ఫోనులోనే వ్యాయామం నేర్పించినా అలసట తగ్గింది. 2023లో యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ ఇచ్చిన సూచనల్లో కూడా శారీరక శ్రమకి ముఖ్యమైన చోటు ఇచ్చారు.

ఎలా మొదలుపెట్టాలన్నదే అసలు సంగతి. రేపే బీచ్ రోడ్డు మీద గంట నడిచేయొద్దు. మీకు ఏ ఇబ్బందీ లేకుండా ఎంత నడవగలరో అంతకంటే కాస్త తక్కువతో మొదలుపెట్టండి. కొందరికి అది ఐదు నిమిషాలే అవుతుంది, ఏం పర్లేదు. వారం తర్వాత ఇంకొంచెం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం లాంటి కండ పెంచే పనులు వారానికి రెండు మూడు రోజులు చేయాలి. కీలు వేడిగా, వాచి ఉన్న రోజున ఆ కీలుకి బరువు వద్దు, మెల్లగా కదిలిస్తే చాలు.

దీనికంటే కష్టమైనది ఇంకొకటుంది. బాగున్న రోజున ఆగడం. ఓపిక వచ్చిన ఆదివారం చూసి ఇల్లంతా దులిపి, దుప్పట్లు ఉతికి, ఇడ్లీపిండి రుబ్బి, సోమ మంగళవారాలు మంచం మీద ఉండే ఆడవాళ్ళని ఎంతమందినో చూశాను. జీతం వచ్చిన రోజే అంతా ఖర్చుపెట్టడం లాంటిది అది. పనిని ముక్కలు చేయండి. కూరగాయలు కూర్చుని తరగండి, కత్తిపీట వద్దు, బల్ల మీద చాకు పెట్టుకోండి. టీచర్ గారూ, మీరు చెయ్యి భుజం పైకెత్తి గంటలకొద్దీ బోర్డు మీద రాస్తారు కదా, బోర్డు కింది సగమే వాడండి. లెక్క చేయడానికి పిల్లల్ని పిలవండి, వాళ్ళూ నేర్చుకుంటారు. అలసిపోయాక కూర్చోవడం కాదు, అలసిపోకముందే కూర్చోవాలి.

బ్రిస్టల్_నర్సమ్మ | గురువారం, తెల్లవారుజామున 3:20

నేను గుంటూరు అమ్మాయిని, బ్రిటన్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఫిజియో గారు చెప్పినదానికి తోడుగా ఒకటి. ఆర్ఏ అలసట మీద ఎక్కువ పరిశోధన జరిగిన ఊళ్ళలో మా బ్రిస్టల్ ఒకటి. ఇక్కడి వాళ్ళు నడిపిన రాఫ్ట్ అనే ట్రయల్ 2019లో వచ్చింది. 7 ఆసుపత్రుల్లో పేషెంట్లని చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, రోజులో ఓపిక ఎక్కడ ఖర్చవుతోందో రాయించి, వద్దని చెప్పడం, పని పంచుకోవడం, నిద్ర సరిచేసుకోవడం లాంటివి నేర్పారు. నేర్పింది సైకాలజిస్టులు కూడా కాదు, శిక్షణ పొందిన రుమటాలజీ నర్సులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు. అలసట వల్ల జీవితానికి కలిగే ఇబ్బంది కొంత తగ్గింది, ఆ ఫలితం రెండేళ్ళ తర్వాత కూడా నిలిచింది. కొంతే తగ్గింది, పోలేదు. కానీ ఆ కొంత వల్లే ఉద్యోగం వదలకుండా ఉండగలిగినవాళ్ళని నేను కలిశాను. మన దగ్గర కూడా పెద్ద ఆసుపత్రులు ఇలాంటివి నడపాలని నా కోరిక. దీనికి యంత్రాలు అక్కర్లేదు, ఒక గది, నాలుగు కుర్చీలు, తీరిక ఉన్న ఒక నర్సు చాలు.

ఏలూరు_మొగుడు | గురువారం, రాత్రి 8:45

మా ఆవిడకి ఈ జబ్బు ఉంది. ఆవిడ ఇక్కడ రాయదు, నేను చదువుతుంటాను. తను నోరు తెరిచి చెప్పదు. "నేను ఏం చేయాలో చెప్పు" అని అడిగితే "ఏం వద్దులెండి" అంటుంది. నిజంగా ఏం చేస్తే మీకు ఉపయోగంగా ఉంటుందో చెప్పండి.

ఓరుగల్లు_అక్క | గురువారం, రాత్రి 9:05

అన్నా, ఏం చేయాలో ఆలోచించి చెప్పడం కూడా మాకు ఒక పనే. అడగకుండా ఒక పనిని పూర్తిగా మీ చేతుల్లోకి తీసుకోండి. ఉదాహరణకి రాత్రి భోజనం మీదైతే, సరుకులు చూసుకోవడం నుంచి గిన్నెలు కడగడం దాకా మీదే. "ఉప్పెక్కడుంది?" అని మంచం దగ్గరికి రావద్దు. చుట్టాలు వచ్చినప్పుడు "తను కాసేపు పడుకుంటుంది" అని ఆ మాట మీ నోటితో చెప్పండి. ఆమె చెబితే ఒకలా వింటారు, మీరు చెబితే ఇంకోలా వింటారు. ఆసుపత్రికి పక్కన వెళ్ళి, ఇంట్లో మీరు చూస్తున్నది డాక్టర్‌కి చెప్పండి. మేం అక్కడ కూర్చోగానే "బాగానే ఉందండి" అనేస్తాం.

గుణదల_టీచర్ | తర్వాతి మంగళవారం, రాత్రి 9:30

డాక్టరుగారిని మళ్ళీ కలిశాను. ఈసారి "నీరసంగా ఉంది" అని వదిలేయకుండా, రెండో పీరియడ్ తర్వాత నిలబడలేకపోతున్నానని, సాయంత్రం పిల్లాడి హోంవర్క్ కూడా చూడలేకపోతున్నానని చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ బాగా తక్కువ, డీ విటమిన్ కూడా తక్కువే. ఐరన్ మాత్రలు రాశారు, కడుపులో రక్తం పోతోందేమో చూద్దామని ఇంకో పరీక్ష రాశారు. మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు నాకు తల భారంగా, వికారంగా ఉంటుంది. అది మాత్రం అడగడం మర్చిపోయాను. ఎవరైనా చెబుతారా?

కాకినాడ_డాక్టర్ | తర్వాతి మంగళవారం, రాత్రి 10:00

అది చాలామందికి ఉంటుంది. శనివారం రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే ఆ భారం ఆదివారం మీద పడుతుంది, స్కూలు మీద పడదు. రోజు మార్చాలంటే ముందు డాక్టర్‌ని అడిగి మార్చండి. ఫోలిక్ యాసిడ్ మోతాదు పెంచడం, మాత్ర బదులు అదే మందు సూదిగా తీసుకోవడం కూడా కొందరికి పనిచేస్తాయి. ఇంట్లో మందులు తీసిచ్చేవాళ్ళందరికీ ఇది వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మందని గట్టిగా చెప్పి ఉంచండి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం. ఐరన్ మాత్రని టీ, కాఫీలతో వేసుకోవద్దు, వాటికీ దీనికీ కనీసం గంట తేడా ఉండాలి.

పెన్నేటి_కొడుకు | బుధవారం, ఉదయం 7:40

అమ్మ ఇంటికొచ్చింది. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించుకుంటూ రావాలని కాగితం మీద తేదీలు వేసి ఇచ్చారు. కీళ్ళకి అసలు వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలి? ఎముకల డాక్టర్ దగ్గరికా?

మెట్రో_కింద_మనిషి | బుధవారం, ఉదయం 8:15

తమ్ముడూ, రుమటాలజీ అని అడుగు. హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది, మీకు వేలూరు సీఎంసీలో కూడా ఉంది. ఏది వీలైతే అక్కడికి ఫోన్ చేసి ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని బయలుదేరు. మొన్నటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, పాత చీటీలు, ఆ తెల్లమాత్రల ఖాళీ స్ట్రిప్పు దొరికితే అది, అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళు. కీళ్ళు వాచిన రోజున ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో, వెళ్ళిన రోజు వాపు లేకపోయినా చూపించొచ్చు. అమ్మ ఎంతసేపు నడవగలుగుతోందో, ఏ పని మానేసిందో ముందే కనుక్కుని ఉంచుకో, వాళ్ళు అడగకపోయినా చెప్పు.